1940 స్పిట్‌ఫైర్ రంగుల సెట్టు: డెకాల్స్‌కి మంచి మార్కులు, స్కై సీసాకి సున్నా

మే 1940 నాటి స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం) మోడల్ చేస్తుంటే, దాని కింది భాగానికి స్కై అనే లేత ఆకుపచ్చ రంగు వేయకండి. ఇంతకుమించి చదివే ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క మాట పట్టుకుని వెళ్లిపోయినా నాకు అభ్యంతరం లేదు. ఓపిక ఉన్నవాళ్లకి మిగతాది చెప్తాను.

నేను కొన్నది మూత మీద "1940 ఆర్ఏఎఫ్ ఫైటర్" అని రాసి ఉన్న సెట్టు, ఆర్ఏఎఫ్ అంటే బ్రిటిష్ వైమానిక దళం. లోపల ఆరు యాక్రిలిక్ సీసాలు: డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్, స్కై, నైట్ అనే నలుపు, తెలుపు, కాక్‌పిట్‌కి గ్రే-గ్రీన్. 1/48 స్కేలు (అసలు విమానంలో 48వ వంతు) డెకాల్ షీటు ఒకటి, అంటే నీళ్లలో తడిపి మోడల్ మీద అతికించే గుర్తుల కాగితం, రంగుల బొమ్మలతో చిన్న బుక్‌లెట్ ఒకటి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి సెట్లు చాలామంది అమ్ముతున్నారు. మీ చేతికి ఏది వచ్చినా దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటే కాబట్టి పద్ధతితో సహా రాస్తున్నాను.

నా గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే కింద రాసేదంతా చాదస్తంలా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఇంకులు కలపడం నా పని. కస్టమర్ తెచ్చిన రంగు ముక్కకీ మేం వేసిన షీటుకీ తేడా ఎంతుందో రోజంతా చూస్తూ ఉంటాను. అందుకని రంగు సీసా మీద ఏం రాసుంది అనేదానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. మూత తీసి, తెల్ల కార్డు మీద పూసి, ఆరాక ఎండలోకి తీసుకెళ్లి చూస్తాను.

డెకాల్ షీటులో రెండు విమానాలకి గుర్తులు ఉన్నాయి. రెండోది ఆగస్టు నాటి విమానం, దాని జోలికి నేను పోలేదు. నేను కొన్నదే మొదటిదాని కోసం: ఆర్ఏఎఫ్ దళాల్లో ఒకటైన 19 స్క్వాడ్రన్‌కి చెందిన స్పిట్‌ఫైర్, సీరియల్ నంబరు ఎన్ 3200. స్క్వాడ్రన్ లీడర్ జెఫ్రీ స్టీఫెన్సన్ 1940 మే 26న డంకర్క్ వైపు దీన్ని నడిపారు. దెబ్బతిన్న విమానాన్ని ఫ్రాన్స్ తీరంలో సాన్‌గాట్ దగ్గర ఇసుక మీద పొట్టమీద దించారు. ఆయన జర్మన్లకి చిక్కి ఖైదీ అయ్యారు. విమానాన్ని ఇసుక మింగేసింది. 1986లో బయటికి తీశారు, 2014లో మళ్లీ ఎగిరింది, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. స్పిట్‌ఫైర్‌ని మొట్టమొదట 1938లో అందుకున్న స్క్వాడ్రన్ కూడా ఇదే 19, అది కూడా డక్స్‌ఫర్డ్‌లోనే. ఇంత కథ ఉన్న విమానం కాబట్టి రంగుల విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారని అనుకుంటాం.

బుక్‌లెట్ తెరిస్తే ఎన్ 3200 బొమ్మలో కింది భాగమంతా లేత ఆకుపచ్చ స్కై.

అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. ఆ ఏడాది బ్రిటిష్ ఫైటర్ల రంగులు నెల నెలకీ మారాయి. యుద్ధం మొదలయ్యేసరికి కింది భాగం సగం నలుపు, సగం తెలుపు. ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు. కింద నుంచి చూసే మన వాళ్లు "ఇది మనదే" అని గుర్తుపట్టడానికి ఆ ఏర్పాటు. 1940 మే మొదట్లో పక్కల మీది రౌండెల్ (ఎరుపు, తెలుపు, నీలం వలయాల గుండ్రటి గుర్తు) చుట్టూ పసుపు వలయం చేర్చమన్నారు. అదే నెలలో తోక నిలువు రెక్క మీదికి మూడు రంగుల చారలు వచ్చాయి. కింది భాగం స్కైకి మార్చమని ఉత్తర్వు వచ్చింది మాత్రం జూన్‌లో. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (జర్మన్ విమానాలతో ఆకాశయుద్ధం) అని బ్రిటిష్ వాళ్లు లెక్కవేసేది జూలై 10 నుంచి అక్టోబర్ 31 దాకా. ఆ తర్వాత నవంబర్ చివర్లో స్కై రంగు స్పిన్నరు (ప్రొపెల్లర్ మధ్య టోపీ), తోక ముందు 18 అంగుళాల స్కై పట్టీ వచ్చాయి, దాంతోపాటు ఎడమ రెక్క కింద నలుపు మళ్లీ కొన్ని నెలలు తిరిగొచ్చింది. అంటే "1940" అన్న ఒక్క అంకె కింద కనీసం మూడు నాలుగు రకాల స్పిట్‌ఫైర్లు ఉన్నాయి. ఈ సెట్టు చేసినవాళ్లు వాటన్నిటినీ ఒక మూత కింద పెట్టేశారు.

ఎన్ 3200 నేలకి దిగింది మే 26న. పసుపు వలయం ఉండాలి, తోక చారలు ఉండాలి, స్కై ఉండకూడదు. సీసాల్లో నైట్, తెలుపు ఇచ్చారు కాబట్టి సంగతి తెలిసిన మనిషి ఆ కంపెనీలో ఎవరో ఒకరు ఉన్నారు. బుక్‌లెట్ బొమ్మ గీసిన మనిషి మాత్రం ఆయన కాదు.

పోనీ ఫొటో చూసి తేల్చుకుందామంటే, ఆ ఫొటోలే మనకి అడ్డం. జర్మన్ సైనికులు ఆ ఇసుక మీద తీసిన ఫొటోలు ఉన్నాయి. కానీ విమానం పొట్టమీద కూర్చుని ఉంది కదా, కింది భాగం ఇసుకలో ఉంది. చక్కగా కనిపించేదల్లా పక్కలూ, పైభాగమూ. కింది భాగం రంగు తేలాలంటే ఉత్తర్వుల తేదీలే ఆధారం. దానికి తోడు నలుపు-తెలుపు సగాలు అన్ని విమానాల మీదా ఒకేలా వేయలేదు. కొన్నిటికి రెక్కలు మాత్రమే నలుపు, తెలుపు, ముక్కు కింద, తోక కింద వెండి రంగు. కొన్నిటికి మధ్య గీత వెంట నిలువునా సగం సగం. బుక్‌లెట్‌లో కింది భాగం బొమ్మ విడిగా ఒకటి ఇచ్చి ఈ రెండు రకాలూ చూపిస్తే కొన్నందుకు సార్థకమయ్యేది. అందులో ఉన్నవి పైబొమ్మ, ఎడమ పక్క బొమ్మ, అంతే. కుడి పక్క కూడా లేదు!

బ్లాక్ అండ్ వైట్ ఫొటోల గురించి ఇంకో మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. అప్పట్లో ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ అని ఒక రకం ఉండేది. అది ఎరుపుని అసలు పట్టించుకోదు, కాబట్టి ఎరుపు నల్లగా పడుతుంది. పసుపు కూడా ముదురుగా పడుతుంది, నీలం తేలిపోతుంది. అలాంటి ఫొటోలో రౌండెల్ చుట్టూ పసుపు వలయం ఉన్నా అది నల్లటి గీతలా కనిపించి, అసలు వలయమే లేదని అనిపిస్తుంది. పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ అయితే కథ వేరు, పసుపు తెల్లగా మెరుస్తుంది. ముందు ఏ ఫిల్మో తేల్చుకోకుండా రంగు గురించి మాట్లాడకూడదు. నేను చూసే గుర్తు రౌండెల్ మధ్య చుక్క. చుక్క నీలం కన్నా బాగా నల్లగా ఉంటే ఆర్థో అని అనుమానిస్తాను. డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ మాత్రం చాలా ఫొటోల్లో దాదాపు ఒకే బూడిద రంగులో పడి, ఎక్కడ ఏది మొదలైందో కనిపెట్టడానికి కళ్లు కాయలు కాస్తాయి.

ఆ హద్దులు ముఖ్యం, ఎందుకంటే పైభాగం మచ్చల నమూనా రెండు రకాలు, ఏ అనీ బీ అనీ. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఫ్యాక్టరీలో ఒక విమానానికి ఏ, తర్వాతదానికి బీ వేస్తూ పోయేవాళ్లు. 1941 జనవరి నుంచే 'ఏ' రకం ఒక్కటే చాలన్నారు. బుక్‌లెట్ రెండు విమానాలకీ ఒకే పైబొమ్మ వాడింది. మీరు మాత్రం ఫొటోలో ముక్కు మీద, కాక్‌పిట్ వెనక హద్దు ఎటు వాలుతోందో చూసుకుని, అవసరమైతే బొమ్మని తిరగేసి ప్రింటు తీసుకోండి.

ఇక డెకాల్ షీటు. ఇక్కడ నా గొంతు మారుతుంది, ఎందుకంటే ఇది బాగా చేసిన పని. లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూశాను. ఎరుపు, నీలం, పసుపు, కోడ్ అక్షరాల బూడిద రంగు, అన్నీ స్పాట్ ఇంకుతో, అంటే ముందే కలిపి ఉంచిన ఆ రంగు ఇంకుతోనే, నిండుగా కొట్టారు. నాలుగు రంగుల చుక్కలతో కలిపి మోసం చేయలేదు. చుక్కలతో కొట్టిన డెకాల్ దూరం నుంచి బాగానే ఉంటుంది కానీ మోడల్‌ని చేతిలోకి తీసుకుంటే అంచులు ఇసుక రాలినట్టు కనిపిస్తాయి. ఇందులో అంచు కత్తితో కోసినట్టుంది. ఎరుపు కూడా సరైన ఎరుపు. యుద్ధకాలం రౌండెల్ ఎరుపు మెరిసే ఎరుపు కాదు, ఇటుక వైపు వాలిన మందమైన ఎరుపు. నీలం కూడా అంతే, చీకటి నీలం. పసుపు నిమ్మపండు పసుపు కాకూడదు, కాస్త నారింజ పాలు కలవాలి. మూడూ కలిసొచ్చాయి.

కొలతలు వెర్నియర్‌తో చూశాను. పక్కల మీది పసుపు వలయం రౌండెల్‌కి స్టాండర్డ్ నిష్పత్తి 1:3:5:7. స్పిట్‌ఫైర్ మీద వ్యాసాల్లో అది ఎరుపు 5 అంగుళాలు, తెలుపు 15, నీలం 25, పసుపు 35. 35 అంగుళాలని 48తో భాగిస్తే 18.5 మిల్లీమీటర్లు. షీటు మీద సరిగ్గా అంతే ఉంది. రెక్కల పైన వేసే ఎరుపు-నీలం రౌండెల్ 56 అంగుళాలు, అంటే 29.6 మిల్లీమీటర్లు రావాలి, వచ్చింది. సీరియల్ నంబరు అక్షరాల ఎత్తు 8 అంగుళాలు, 4.2 మిల్లీమీటర్లు, అదీ సరే.

ఇంకా మెచ్చుకోవాల్సింది, పసుపు వలయాన్ని రౌండెల్ నుంచి విడదీసి వేరే డెకాల్‌గా ఇచ్చారు. వెడల్పు వలయం ఒకటి, సన్న వలయం ఒకటి. ఆ నెలలో స్క్వాడ్రన్ల దగ్గర జరిగింది కూడా అదే కదా. అప్పటికే ఉన్న రౌండెల్ చుట్టూ పసుపు పూసేశారు. కోడ్ అక్షరాలకి అడ్డం వస్తుందనుకున్న చోట సన్నగా పూశారు. తోక చారలు కూడా రెండు సైజుల్లో ఉన్నాయి, ఎందుకంటే వాటి కొలత స్థిరపడి 24 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తు అయింది తర్వాతే. మొదట్లో ఎవరికి తోచినంత వాళ్లు వేశారు. మీ దగ్గరున్న ఫొటో చూసి ఏది వాడాలో మీరే తేల్చుకోవచ్చు. ఇది గీసినాయనకి చరిత్ర తెలుసు.

కోడ్ అక్షరాల దగ్గర షీటు ఒక మంచి పరీక్ష పెట్టింది. ఎన్ 3200 మీద స్క్వాడ్రన్ అక్షరాలు క్యూవీ మాత్రమే ఉంటాయి, విమానానికి విడిగా ఉండే మూడో అక్షరం లేదు. షీటులోనూ లేదు. కొన్నవాళ్లు "ఒక అక్షరం ప్రింటు కాలేదు" అని వెనక్కి పంపే ప్రమాదం ఉంది, పంపకండి. అక్షరాల రంగు మీడియం సీ గ్రే, అదీ సరిగ్గానే పడింది.

లోపం లేదా అంటే, నా షీటులో ఒక రౌండెల్ రిజిస్టర్ తప్పింది. తెలుపు ఒక పక్కకి 0.3 మిల్లీమీటర్లు జరిగింది. నీలం ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా ఉంది. అసలు విమానం మీద అది 14 మిల్లీమీటర్ల తేడా. చేత్తో పూసిన గుర్తుల్లో అంత తేడా ఉండే ఉంటుంది అని సర్దుకుపోయేవాళ్లు సర్దుకుపోవచ్చు. ప్రెస్‌లో పనిచేసేవాడిని, నాకు నిద్ర పట్టదు.

సీసాల సంగతికి వస్తే, నైట్, తెలుపు గురించి చెప్పేదేం లేదు. నైట్‌ని సీసాలో ఉన్నట్టే వేస్తే చిన్న మోడల్ మీద మరీ బొగ్గులా ఉంటుంది, కాస్త బూడిద రంగు కలుపుకోండి. కాక్‌పిట్ గ్రే-గ్రీన్ పర్వాలేదు, మూత మూసేశాక ఎవరికీ కనిపించదు కాబట్టి అక్కడ పోట్లాట పెట్టుకోను.

డార్క్ ఎర్త్ చాలా బాగుంది. నా దగ్గర బ్రిటిష్ స్టాండర్డ్ 381సీ రంగుల ఫ్యాన్ ఉంది, విసనకర్రలా విచ్చుకునే రంగు ముక్కల కట్ట. అందులో 450 నంబరు డార్క్ ఎర్త్. కార్డు మీద పూసి, ఆరనిచ్చి, పొద్దున పూట కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాను. హద్దు వెతుక్కోవాల్సి వచ్చింది. చాలా కంపెనీల డార్క్ ఎర్త్ ఎరుపు ఎక్కువై చాక్లెట్‌లా ఉంటుంది, లేదా పసుపు ఎక్కువై ఇసుకలా ఉంటుంది. ఇది సరిగ్గా మధ్యలో నిలబడింది. డార్క్ గ్రీన్ ఒక పిసరు నీలం వైపు ఉంది. ఒక చుక్క పసుపు వేస్తే సర్దుకుంటుంది.

స్కై మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ. ట్యూబ్ లైటు కింద 210 నంబరు స్కై పక్కన పెడితే తేడా తెలియలేదు. ఎండలోకి తెచ్చేసరికి పసుపు తిరిగింది, పాత మజ్జిగలా. మా పనిలో ఇది రోజూ చూసేదే. రెండు రంగుల్లో వాడిన పిగ్మెంట్లు వేరైతే ఒక వెలుతురులో కలిసిపోయి ఇంకో వెలుతురులో విడిపోతాయి. కంపెనీ వాళ్లు ఆఫీసు గదిలో ట్యూబ్ లైటు కిందే మ్యాచింగ్ చేసుంటారని నా అనుమానం. మోడల్ ఎక్కడ పెడతారో, ఎక్కడ ఫొటో తీస్తారో మీరే ఆలోచించుకోండి.

స్కై గురించి ఇంకో తలనొప్పి కూడా ఉంది, అది ఈ కంపెనీ తప్పు కాదు. జూన్ 1940లో ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ రంగు సరిపడా దొరకలేదు. స్క్వాడ్రన్లు దగ్గరున్నవి కలిపి లేత నీలాలు, లేత ఆకుపచ్చలు వాడాయి. అందుకని జూలై, ఆగస్టు విమానాల మీద కింది రంగు గురించి ఖాయంగా చెప్పేవాళ్లని కాస్త అనుమానంగానే చూడాలి. అలాగని ఏ రంగు సీసా ఇచ్చినా చెల్లుతుందని కాదు. సీసా మీద స్కై అని రాస్తే లోపల స్కై ఉండాలి. డబ్బా మీద "స్కై టైప్ ఎస్" అని కనిపించి అది ఇంకో ఛాయ అనుకుని రెండు సీసాలు కొనకండి, ఎస్ అన్నది పూత నునుపు గురించిన గుర్తు.

బుక్‌లెట్‌లో ప్రతి రంగుకీ ఒక చిన్న చదరం ప్రింటు చేసి, "దీనితో సరిపోల్చుకోండి" అన్నారు. దయచేసి సరిపోల్చకండి. ఆ చదరాలు నాలుగు రంగుల చుక్కలతో కొట్టినవి, లూప్ కింద గులాబీ రేకుల్లా చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అదే ఫైలు మిషన్ మారితే మారుతుంది, పేపరు మారితే మారుతుంది. రంగు కోసం రంగు పూసిన ముక్కనే చూడాలి. 1970లలో ఆర్ఏఎఫ్ మ్యూజియం పేరున వచ్చిన పుస్తకంలో యుద్ధకాలం రంగుల ముక్కలే అంటించి ఇచ్చారు. అది ఏ లైబ్రరీలోనైనా చేతికి దొరికితే ఒక పూట కేటాయించండి. దొరక్కపోతే 381సీ ఫ్యాన్ చాలు.

డక్స్‌ఫర్డ్‌లో ఎగురుతున్న ఎన్ 3200 ఫొటోలు చూసి రంగు కలిపేద్దాం అంటారు కొందరు. ఆ విమానం నాకూ ప్రాణమే. కింద నలుపు, తెలుపు సగాలతో మలుపు తిరుగుతుంటే ఆ ఉత్తర్వు ఎందుకిచ్చారో అర్థమవుతుంది. కానీ దాని మీదున్నది ఈ కాలం పెయింటు, వేసినవాళ్లూ మనలాగే ఉత్తర్వులూ ఫొటోలూ చదివి నిర్ణయం తీసుకున్నవాళ్లే. ఏ రంగు ఎక్కడ అన్నదానికి దాన్ని చూడండి. ఎంత ఛాయ అన్నదానికి చూడకండి, కెమెరా ఒకటి, మీ మానిటరు ఒకటి మధ్యలో ఉన్నాయి.

పూత గురించి రెండు మాటలు. ఎయిర్‌బ్రష్‌లో పలచన చేసి వాడితే బాగా పడుతుంది, బ్రష్‌తో అయితే డార్క్ గ్రీన్ చారలు చారలుగా ఆరుతుంది. రెండు రంగుల హద్దు మెత్తగా, పొగలా కనిపించాలని కొందరు చాలా దూరం నుంచి కొడతారు. స్పిట్‌ఫైర్ మీద హద్దు బిగువుగానే ఉండేది. అసలు మీద అంగుళం వెడల్పు మసక 1/48లో అర మిల్లీమీటరు. అంతకుమించి మసక వేస్తే విమానం కాదు, బొమ్మ అవుతుంది. రెక్కల ముందంచున తుపాకీ కన్నాల మీద అతికించిన గుడ్డ ముక్కలకి ఎర్ర చదరాలు షీటులో ఇచ్చారు, వాడండి. పైన చెప్పిన ఆర్థో ఫొటోల్లో ఇవి నల్లగా కనిపిస్తాయి, అది చూసి నలుపు వేసిన మోడల్స్ నేను చాలా చూశాను.

డెకాల్ ఫిల్మ్ పలచన. నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ముడుచుకుంటుంది, కాగితం మీద జారగానే తీసేయాలి. డెకాల్‌ని మెత్తబరిచే సెట్టింగ్ సొల్యూషన్ రాస్తే ప్యానెల్ గీతల్లోకి చక్కగా కూర్చుంది. తెలుపు కింద నుంచి డార్క్ గ్రీన్ కనిపిస్తుందేమో అని టెన్షన్ పడ్డాను, కనిపించలేదు.

విడివిడిగా అమ్మితే డెకాల్ షీటుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, డార్క్ ఎర్త్‌కి ఐదు. స్కైకి సున్నా, బుక్‌లెట్‌కి ఒకటి, అది కూడా స్టెన్సిల్ అక్షరాలు ఎక్కడ అతికించాలో చూపించినందుకు. మే 1940 విమానం చేసేవాళ్లకి స్కై సీసా అవసరమే లేదు కాబట్టి వాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. జూలై తర్వాతి విమానం చేసేవాళ్లు స్కై మాత్రం వేరే చోట కొనుక్కోండి.

కంపెనీకి రిజిస్టర్ తప్పిన రౌండెల్ ఫొటో, ఉత్తర్వుల తేదీలు రెండూ పంపాను. రౌండెల్ మార్చి పంపారు, ఈసారి తెలుపు సరిగ్గా నడిమధ్యన ఉంది. బుక్‌లెట్ గురించి "పరిశీలిస్తాం" అన్నారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఎన్ 3200 బొమ్మ మాత్రం ఇప్పటికీ స్కైలోనే ఉంది.